బాదం చెట్టు వెనక తెల్లగోడ

అల్వాల్‌లో ఒక ఫంక్షన్ హాలు. పెళ్లికొడుకు తాళి పట్టుకుని వంగాడు. బాజాలు జోరందుకున్నాయి, అక్షింతలు గాల్లోకి లేచాయి. ఫొటోగ్రాఫర్‌ని పెళ్లికి పిలిచేదే ఆ ఒక్క క్షణం కోసం. సరిగ్గా అప్పుడే నాకు దగ్గొచ్చింది. మామూలు దగ్గు కాదు, కుడి పక్కటెముకల కింద సూది గుచ్చినట్టయి కెమెరా పక్కకి జారింది. ప్రింటు వేసి చూస్తే అందులో పంతులుగారి పిలక ఒక్కటే స్పష్టంగా వచ్చింది. పిలకని ఇంత చక్కగా ఇంకే స్టూడియోవాడూ తీయలేడని పెళ్లికూతురి తండ్రితో అన్నాను. ఆయనకి నవ్వు రాలేదు. నిజానికి నాకూ రాలేదు. నవ్వితే పక్కలో పోటు.

నా పేరు యాదగిరి. ఎనిమిదో తరగతి దాకా నేను బడిని భరించాను, బడి కూడా నన్ను అంతవరకే భరించింది. సికింద్రాబాద్ రెజిమెంటల్ బజార్‌లో చిన్న స్టూడియో ఉంది, ఇల్లు నేరేడ్‌మెట్‌లో. సాఫ్ట్‌వేర్ కంపెనీలు ఊరిమీద వచ్చిపడ్డ రోజులవి. కుర్రాళ్లందరికీ అర్జెంటుగా పాస్‌పోర్టు ఫొటో కావాలి, తరవాత వీసా ఫొటో కావాలి, ఆ తరవాత పెళ్లి ఫొటో కావాలి. ఈ మూడింటి మధ్యనే నా బతుకు చక్కగా సాగిపోయింది.

నా భార్య పార్వతిది విజయనగరం వైపు. వాళ్ల నాన్న రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాద్ వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఆమె స్టేషన్ దగ్గర మ్యాచింగ్ సెంటర్‌లో పనిచేస్తుంది. చీర పట్టుకెళితే దానికి సరిపోయే జాకెట్టు గుడ్డ తీసిచ్చే కొట్టు అది. మనం ఎరుపు అనే దాన్ని ఆమె కుంకుమ, దానిమ్మగింజ, మిరపపండు, ఇటుక అని విడదీస్తుంది. ఆమె భాషని నేనూ నా భాషని ఆమే వెక్కిరించుకుంటూ ఇన్నేళ్లు గడిపాం.

దగ్గుకి నేను చాలా కారణాలు చెప్పాను. దుమ్మన్నాను, సాంబ్రాణి పొగన్నాను. సాయంత్రమయ్యేసరికి సన్నగా జ్వరం, పొద్దున్నకి ఏమీ ఉండదు. ప్యాంటు వదులైతే బెల్టుకి మేకుతో కొత్త చిల్లు పొడుచుకున్నాను. ఒకరోజు పార్వతి ఆ చిల్లు మీద వేలుపెట్టి ఇదేమిటని అడిగింది. ఫ్యాషన్ అన్నాను. మర్నాడు పొద్దున నేను ఆస్పత్రి బెంచీ మీద ఉన్నాను.

చెస్ట్ డాక్టరమ్మ నెమ్మదైన మనిషి. ఎక్స్-రే ఫిల్ము వెలుతురుకి పట్టుకుంటే కుడివైపు కింది భాగమంతా తెల్లగా ఉంది. నేను వృత్తి ధర్మం కొద్దీ, "కింద ఫిల్ముకు లైట్ అందనట్టుంది డాక్టరమ్మా" అన్నాను.

"లైట్ కాదండీ, నీళ్లు. ప్లూరల్ ఎఫ్యూజన్ అంటాం. లంగ్ చుట్టూ ఫ్లూయిడ్ చేరింది" అందామె.

వీపులోంచి సూదితో ఆ నీళ్లు తీశారు. బత్తాయి రసం రంగులో ఉన్నాయి. అప్పట్లో రంగు చెప్పగలిగేవాణ్ణి కాబట్టి నిబ్బరంగా రాస్తున్నాను. టెస్టులన్నీ అయ్యాక టీబీ అని తేల్చారు. స్పూటమ్ నెగెటివ్, అంటే కఫంలో క్రిములు లేవు కాబట్టి ఇంట్లోవాళ్లకి అంటుకుంటుందనే బెంగ పెట్టుకోవద్దని, మందులు మాత్రం ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరమ్మ చెప్పింది. నాలుగు రకాల టాబ్లెట్లు రాసింది. ఒకదానివల్ల మూత్రం ఆరెంజ్ రంగులో వస్తుంది, కంగారు పడొద్దంది. చివరి దాని పేరు కింద గీత గీసింది.

"ఇది ఎథాంబ్యుటాల్. కొందరికి ఆప్టిక్ నర్వ్ మీద, అంటే కంటి నరం మీద ఎఫెక్ట్ ఉంటుంది. చూపు మసకైనా, రంగుల్లో తేడా వచ్చినా వెంటనే రండి."

"రంగుల్ల తేడా వస్తే అందరికన్న ముందు నాకే ఎర్కైతది డాక్టరమ్మా. నేను ఫొటోగ్రాఫర్ని" అన్నాను. పార్వతి బల్లకింద నా కాలు తొక్కింది.

అందరికన్నా ఆఖర్న తెలిసింది నాకే.

టాబ్లెట్లు మొదలుపెట్టిన కొత్తలో వాంతి వచ్చినట్టుండేది, అన్నం సహించేది కాదు. ఆరెంజ్ రంగు మాత్రం చెప్పినట్టే వచ్చింది. మొదటిసారి చూసినప్పుడు సినిమా హోర్డింగులకి రంగులేసే పెయింటర్ పని నా ఒంట్లో షురూ అయిందనుకున్నాను. పెళ్లిళ్లకు పోవద్దని, బరువులు మోయొద్దని కట్టడి చేశారు. స్టూడియోలో కూర్చుని పాస్‌పోర్టు ఫొటోలు తీస్తూ, మిగిలిన టైమంతా కొత్తగా పెట్టించిన ఇంటర్నెట్‌ని గిల్లుతూ ఉండేవాణ్ణి.

ఫొటోలు పంచుకునే ఒక సైటులో తెలుగువాళ్ల గుంపు ఒకటి దొరికింది. ఎక్కువమంది చలిదేశాల్లో ఉండేవాళ్లు. అక్కడ అప్పుడే ఆకులు పండి రాలే కాలం అయిపోయింది. ఎక్కడ చూసినా మేపుల్ చెట్లు. ఎరుపు, నారింజ, పసుపు, అడవికి అడవి పట్టుచీర కట్టుకున్నట్టు. టొరంటోలో ఉండే సుభద్రగారనే రాజమండ్రి ఆవిడ అందరికన్నా బాగా తీసేది. నాకు కుళ్లు పుట్టింది. మాకూ ఆకులు రాలతాయండీ, కాకపోతే మా చెట్లు ప్రభుత్వోద్యోగుల్లాగా ఆలస్యంగా వస్తాయి, చలి ముదిరాక చూపిస్తాను అని రాశాను.

మా ఇంటికి ఎదురుగా మిలిటరీ క్వార్టర్ల ప్రహరీ ఉంది. సున్నం కొట్టిన తెల్లగోడ. దాని ముందు ఒక బాదం చెట్టు. చలికాలం వచ్చిందంటే దాని ఆకు ఆకుపచ్చ నుంచి పసుపుకి, పసుపు నుంచి రాగికి, రాగి నుంచి ఎరుపుకి తిరిగి, టప్పున రాలుతుంది. ఆదివారం పొద్దున పాలబూత్ పక్కన ఒకేచోట స్టాండు పెట్టి, అదే ఎండలో, అదే కొలతతో ఒక ఫొటో తీసేవాణ్ణి. సైటులో పెట్టి దానికి 'బాదంగారి వారపత్రిక' అని పేరు పెట్టాను. మొదటి సంచికలో, బాదంగారికి ఈ వారం చెవుల దగ్గర ఒక ఆకు నెరిసింది, ఇంకా ఎవరికీ చెప్పలేదు అని రాశాను. గుంపంతా పడి నవ్వారు. మా మేపుల్ ఆకుకి కొమ్ములున్నాయి, మీ ఆకు గరిటెలా ఉందని సుభద్రగారు రాసింది. మా ఆకులు నాలుగు కుడితే అందులో ఉప్మా తినొచ్చు, మీది పుస్తకంలో దాచుకోవడం తప్ప దేనికండీ అని రాశాను. మందుల చేదు పోయేది ఆ వెక్కిరింతలతోనే.

రెండు నెలల తరవాత చెకప్‌కి వెళితే ఫ్లూయిడ్ తగ్గింది కానీ పూర్తిగా పోలేదు. నాలుగు టాబ్లెట్లూ ఇంకొన్నాళ్లు కంటిన్యూ చేద్దామంది డాక్టరమ్మ. సరే అన్నాను.

ఆ తరవాతే చెట్టు అసలు పండటం మొదలుపెట్టింది. కానీ నాకు మాత్రం ఈ ఏడాది చెట్టు సరిగ్గా పండటం లేదనిపించింది. ఆకులు మట్టిరంగులో, నీళ్లలో నానినట్టు కనిపించేవి. కంప్యూటర్లో ఇంకా నీరసంగా ఉండేవి. మానిటర్‌లో ఎరుపు పోయిందనుకున్నాను. ఫొటో మొత్తానికీ ఎరుపు కాస్త పెంచి పెట్టాను. మరుసటి వారం ఇంకాస్త పెంచాను. మానిటర్ బాగుచేసే అతన్ని పిలిస్తే, ఇది నిక్షేపంగా ఉందన్నాడు. అతనికి పని రాదని తీర్మానించి, పక్కనున్న నెట్ సెంటర్ నుంచి ఇంకో మానిటర్ తెచ్చి పెట్టాను. అందులోనూ అంతే. సికింద్రాబాద్‌లో మానిటర్లన్నీ ఒకేసారి చెడిపోయాయని నమ్మిన మనిషిని మీరు ఇంకెక్కడా చూసి ఉండరు.

పాత పెళ్లి ఆల్బమ్ ఒకటి రంగులు సరిచేసి ప్రింటుకి పంపితే ల్యాబ్ నుంచి ఫోనొచ్చింది. పెళ్లికూతురికి ఎండదెబ్బ తగిలిందా యాదన్నా అని అడిగాడు ల్యాబ్ అతను. నీ కెమికల్సే ఖరాబైనయని అరిచి పెట్టేశాను. అంతకన్నా ఘోరం ఇంకోటుంది. మూత్రంలో ఆరెంజ్ రంగు తగ్గినట్టు కనిపించింది. రంగు తగ్గుతోందంటే జబ్బు తగ్గుతోందని లెక్కకట్టి, పార్వతికి శుభవార్తలాగా చెప్పాను. ఆమె ఆ పూట పాయసం చేసింది.

కంటి మీదికి నీ బుద్ధి ఎందుకు పోలేదని మీరడగొచ్చు. కన్ను నొప్పి లేదు, మంట లేదు, నీరు కారలేదు. పేపర్లో అక్షరాలు కాస్త అలుక్కుపోయినట్టుంటే కళ్లజోడు తుడుచుకున్నాను. ఎరుపు వెళ్లేటప్పుడు చెప్పి వెళ్లదు. దాని జాగాలో ఇంకో రంగుని కూర్చోబెట్టి వెళుతుంది. ఖాళీ కనబడితే కదా వెతుక్కునేది.

అప్పుడు సుభద్రగారు ఒక ముక్క రాసింది. "యాదగిరిగారూ, ఆకుల సంగతి సరే, మీ వెనక గోడకి వారం వారం రంగు వేస్తున్నారా?"

మిలిటరీవాళ్లు కదండీ, క్రమశిక్షణగా వారానికో కోటు వేస్తారు అని జవాబిచ్చాను. మళ్లీ అందరూ నవ్వారు. ఆదివారం మధ్యాహ్నం పార్వతి టిఫిన్ క్యారియర్ తీసుకుని స్టూడియోకి వచ్చింది. నేను నా జవాబు చూసి మురిసిపొమ్మని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. ఆమె జవాబు చదవలేదు. ఫొటోలు మొదటి నుంచి ఒక్కొక్కటే చూసింది. చివరిదాకా వెళ్లి మళ్లీ మొదటికొచ్చింది.

"ఏటండీ ఈ గోడ?"

"తెల్లగోడ. రోజు చూస్తలేవా?"

"తెలుపేటి? రోజ్‌మిల్కు పోసి కడిగినట్టుంది. మొదటి వారం సున్నం లాగే ఉంది. రానురాను ఇలగైపోయింది."

"రెండు ఒక్క తీరుగనే ఉన్నయ్ పార్వతీ. మానిటర్ ఖరాబైంది, జెర ఆగు, మార్పిస్త."

ఆమె మానిటర్ వైపు కాకుండా నా వైపు చూసింది. ఆమె సంచిలో ఎప్పుడూ గుడ్డముక్కలుంటాయి, మ్యాచింగ్ కోసం చీరల లోపలి అంచు నుంచి కత్తిరించినవి. వాటిని తీసి కౌంటర్ మీద వరసగా పరిచింది. మెరూన్ తియ్యమంది. ధీమాగా తీశాను. అది కాఫీపొడి అంది. మిరపపండు తియ్యమంది. తీశాను. అది చింతాకు పచ్చ అంది.

నేను ఆమె నవ్వుతుందని ఎదురుచూశాను. మా ఇంట్లో ఎవరు తప్పు చేసినా అవతలివాళ్లకి పండగ. కూరలో ఉప్పెక్కువైతే నేను వారం రోజులు సముద్రం కబుర్లు చెబుతాను. ఆమె నవ్వలేదు. ఎప్పుడూ సంచిలో కుక్కేసే ఆ ముక్కల్ని ఒక్కొక్కటే మడతపెట్టింది.

"రేపు డాక్టరమ్మ దగ్గరకెళ్దాం" అంది.

"రేపు వీసా ఫొటోలున్నయ్."

"ఆళ్లు ఎల్లుండి ఎల్తారులెండి అమెరికా."

ఆమె అలా అంటూ నా ఎదురుగా నిలబడి ఉంది. నేను ఆమె నుదుటి బొట్టు చూశాను. అది ఎరుపని నాకు తెలుసు, రోజూ చూసేదే. కానీ తెలియడం వేరు, కనబడటం వేరు. అక్కడ ఒక ముదురు చుక్క ఉంది, అంతే. కాలు విరిగితే ఫొటోగ్రాఫర్ కుర్చీలో కూర్చుని ఫొటో తీస్తాడు. కన్ను పోతే ఎక్కడ కూర్చోవాలి? జబ్బు మొదలైనప్పటి నుంచి నాకు నిజంగా భయమేసింది ఆ రోజే. అన్నం ఇద్దరం ముట్టలేదు.

డాక్టరమ్మ విన్న వెంటనే ప్రిస్క్రిప్షన్‌లో ఎథాంబ్యుటాల్‌ని కొట్టేసింది. "ఇది నేను ఆపుతున్నాను. మిగతావాటిని మీరు ఆపకూడదు. అర్థమైంది కదా?" అని నాతో కాకుండా పార్వతితో చెప్పింది. అక్కణ్ణుంచే కంటి డాక్టరు దగ్గరికి పంపింది.

కంటి డాక్టరు రంగురంగుల చుక్కలున్న పుస్తకం తెరిచి, ఏ అంకె కనిపిస్తోందని అడిగాడు. ఒక్క పేజీలో తప్ప ఎక్కడా నాకు అంకె లేదు. "చుక్కలు పెట్టిర్రు గని ముగ్గేసుడు మర్చిపోయిర్రు డాక్టర్ సాబ్" అన్నాను. ఆయన నవ్వాడు, నా పక్కనున్నామె నవ్వలేదు. తరవాత ఒక గిన్నెలాంటి మిషన్‌లో తల పెట్టించి, దీపం మెరిసినప్పుడల్లా బటన్ నొక్కమన్నారు. విజువల్ ఫీల్డ్ టెస్టట, చూపులో ఎక్కడెక్కడ ఖాళీలున్నాయో చెబుతుందట. మధ్యలో మెరిసిన దీపాలు నేను చాలా వదిలేశాను.

"టాబ్లెట్ వల్ల ఆప్టిక్ నర్వ్ దెబ్బతింది. ఎప్పటి నుంచి ఇలా ఉంది?" అని అడిగాడాయన. నాకేం తెలుసు? మానిటర్ ఎప్పుడు చెడిపోయిందో అయితే చెప్పగలను. అప్పుడు పార్వతి సంచిలోంచి కవరు తీసింది. వారపత్రికలన్నీ పొద్దున ల్యాబ్‌లో ప్రింటు వేయించుకొచ్చింది. ఎండదెబ్బ అన్న అతని దగ్గరే. డాక్టరు వాటిని బల్లమీద వరసగా పేర్చాడు. ఆకుల్ని చూడలేదు, గోడ మీదే వేలు నడిపించుకుంటూ వెళ్లి ఒకచోట ఆపాడు.

"ఇక్కడ మొదలైంది. మీరు రంగు సరిచేస్తున్నారనుకున్నారు, నిజానికి మీ కంటి రిపోర్టు మీరే రాసుకున్నారు. మరీ ముదరకముందే వచ్చారు, అది మంచిది."

"మళ్లీ ఎరుపు కనబడతాదాండీ ఈయనకి?" అని పార్వతి అడిగింది.

"చాలామందికి తిరిగి వస్తుందమ్మా. నెలలు పడుతుంది. పూర్తిగా వస్తుందని మాత్రం మాటివ్వలేను."

మందు ఆపిన మర్నాటి నుంచే బాగవుతుందనుకున్నాను. ముందు ఇంకా దిగజారింది. అలా జరగొచ్చని డాక్టరు చెప్పాడు, నేను వినిపించుకోలేదు. కెమెరాలో ఫోకస్ కుదిరేది కాదు. ఒప్పుకున్న పెళ్లిళ్లని తోటి ఫొటోగ్రాఫర్లకి అప్పజెప్పాను. సిగ్నల్ దగ్గర ఏ రంగు వెలిగిందో కాకుండా, పైదా కిందదా అని చూసి రోడ్డు దాటేవాణ్ణి. అరటిపండ్ల బండి దగ్గర కాయో పండో నొక్కి చూస్తే బండివాడు తిట్టాడు. జోకులు వేస్తూనే ఉన్నాను, కానీ అవి నోటి దాకే ఉండేవి. వారపత్రిక మూసేశాను. బాదంగారు కుశలమా అని సుభద్రగారు రాసింది. జవాబివ్వలేదు.

ఒక ఆదివారం పార్వతి నన్ను లేపి కెమెరా చేతికిచ్చింది. రంగులు తెలియనోడు రంగుల ఫొటో ఎందుకు తీయాలని విసుక్కున్నాను.

"బొమ్మ మీరు తియ్యండి. రంగు నాను సెప్తాను. కంప్యూటర్లో మాత్రం సెయ్యెట్టకండి" అంది.

అలా పత్రిక మళ్లీ మొదలైంది. ఈసారి అడుగున ఫొటో యాదగిరి, రంగులు పార్వతి అని ఉండేది. జరిగిందంతా గుంపుకి రాశాను. గోడ మీద వేళాకోళం చేసినందుకు సుభద్రగారు నొచ్చుకుంటే, మీ వేళాకోళమే నన్ను కాచిందండీ అని చెప్పాను. అప్పటికి చెట్టు బోడిదైపోయి చిగుళ్లేస్తోంది. పార్వతి నా పక్కన నిలబడి చిగురు చూసి చెప్పేది. ఇది ఉల్లిపొర రంగు, రెండు రోజుల్లో చిలకపచ్చకి తిరుగుతాది. ఆ కొమ్మది తేనెరంగు, దానికి గంధంరంగు అంచు. నేను రాసుకునేవాణ్ణి. నా జోకులకన్నా ఆమె రంగులకే ఎక్కువమంది మెచ్చుకుంటూ రాశారు. చీరలు పంపిస్తాం, మ్యాచింగ్ చూసిపెట్టమని కొందరు అడిగారు కూడా. నేను లోపల్లోపల ఉడుక్కున్నాను, అది కూడా కోలుకోవడంలో భాగమేననుకుంటాను.

ఎండలు ముదిరేసరికి అక్షరాలు తేటపడ్డాయి. చుక్కల పుస్తకంలో ఇంకో అంకె దొరికింది. తరవాతి చెకప్‌లో ఇంకొన్ని. ఎక్స్-రేలో కూడా నీళ్లు పోయాయి. డాక్టరమ్మ మిగతా మందుల కోర్సు పూర్తిచేయించి, ఇక టాబ్లెట్లు చాలంది.

వానలు పడ్డాక బాదం చెట్టు రెండోసారి కొన్ని ఆకులు రాల్చింది. పాలకోసం వెళుతుంటే తడిరోడ్డు మీద ఒక ఆకు కనిపించింది. దాటి నాలుగడుగులు వేశాక ఆగిపోయాను. నేను దాన్ని వెతకలేదు. అదే నన్ను పిలిచింది. వెనక్కొచ్చి తీసుకుని, పాల సంగతి మరిచిపోయి, ఇంట్లోకి పరిగెత్తాను. పార్వతి దోసె తిరగేస్తోంది. ఆకు ఆమె ముఖం ముందు పెట్టి, "మిరపపండు" అన్నాను.

ఆమె ఆకు వైపు చూసింది, నా వైపు చూసింది. దోసె మాడింది.

"కాదు" అంది. "దానిమ్మగింజ."

"ఎరుపే గద?"

"ఎరుపేనండీ" అని కొంగుతో ముఖం తుడుచుకుంది. అప్పుడు నాకు బొట్టు కూడా కనిపించింది. అది కుంకుమ రంగని ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఇప్పుడు మళ్లీ పెళ్లిళ్లు తీస్తున్నాను. దగ్గు లేదు, బెల్టు పాత చిల్లుకి వచ్చింది, దాన్ని కూడా దాటిపోయేలా ఉంది. మసక వెలుతుర్లో మెరూన్‌కీ కాఫీపొడికీ ఇప్పటికీ తడబడతాను. అందుకే ఏ ఆల్బమ్ అయినా పార్వతి చూడనిదే ప్రింటుకి పోదు. చలికాలం రాగానే వారపత్రిక వస్తుంది. గోడ తెల్లగా ఉందా అని ప్రతి ఆదివారం టొరంటో నుంచి పలకరింపు వస్తుంది.

ఈ మందు వాడుతున్నవాళ్లకి నేను చెప్పేది ఒక్కటే. ఇంట్లో ఒక ఎర్రటి వస్తువుని ఒకేచోట పెట్టుకుని, వారానికోసారి పగటి వెలుతుర్లో చూడండి. ఒక కన్ను మూసి ఒకసారి, రెండోది మూసి ఒకసారి. పక్కన మీ మనిషిని నిలబెట్టుకుని ఇద్దరూ ఏ రంగో చెప్పుకోండి. మాటల్లో తేడా వస్తే గొడవపడకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి. మందులు మీ అంతట మీరు మాత్రం ఆపకండి. మీ తెల్లగోడ గులాబీగా ఉందని ఎవరైనా అంటే, సున్నం వేసేవాణ్ణీ మానిటర్ బాగుచేసేవాణ్ణీ తరవాత పిలవొచ్చు.